కంప తీసిన చేను

వకీలు సాబు పోయాడన్న కబురు నారాయణఖేడ్ కచేరీకి పొద్దున్నే వచ్చింది. పెద్దమనిషి పోతే నాలుగు మంచిమాటలు చెప్పుకుని నోరు మూసుకోవడం లోకం తీరు. మా కచేరీలో అట్లా జరగలేదు. చప్రాసీ మొదలు ఎదుటిపక్షం వకీళ్ల దాకా అందరూ ఆయన మీద తలా ఒక కథ చెప్పి పడీపడీ నవ్వారు. నవ్వి నవ్వి కండ్లు తుడుచుకున్నారు. ఆ నీళ్లు నవ్వుకు వచ్చినవో ఏడుపుకు వచ్చినవో తేల్చడం మా వల్ల కాదు. ఆయనుంటే తేల్చేవాడు. "ముందుగాల ఏ అరలదో చెప్పున్రి" అని పాన్‌దాన్ ముందుకు లాక్కునేవాడు.

నేను ఆయన దగ్గర మున్షీని. ఆయన చెబితే అర్జీలు రాసేది, కక్షిదార్లను కూర్చోబెట్టేది, కచేరీలో ఆయన వెనకాల కాగితాలు పట్టుకుని నిలబడేది నేనే. ఇన్నేండ్లలో ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. నా పెండ్లికి వచ్చి, పందిట్లో అందరి ముందు, "ఏమయ్యా మున్షీ, అక్షింతలు ఎటు దిక్కు వెయ్యాలె?" అన్నాడు. మా అత్తవారు చాలా రోజులు నా పేరే మున్షీ అనుకున్నారు.

ఆయనవాళ్లు ఎప్పుడో కన్నడదేశం నుంచి బట్టల వ్యాపారానికి వచ్చి ఖేడ్‌లో స్థిరపడ్డవాళ్లు. తమ్ముళ్లు దుకాణంలో గజాలు కొలుస్తుంటే ఈయన ఉర్దూలో వకాలత్ చదివి నల్ల షేర్వాణీ తొడిగాడు. కింద పంచె, పైన షేర్వాణీ, నెత్తి మీద రూమీ టోపీ. ఆ వేషానికి ఎవరైనా నవ్వితే, "పైన సర్కారుకు, కింద నాకు" అనేవాడు. మాట తెలుగు, లెక్క ఉర్దూ, విసుగు మాత్రం కన్నడం. ఎవడైనా సోది పెంచితే చెయ్యెత్తి "సాకు, సాకు" అనేవాడు. చాలు, చాలు అని. ఖేడ్‌లో కన్నడం ముక్క రానివాడికి కూడా ఆ మాట అర్థమైపోయింది.

ఆయన గద్దె పక్కన ఇత్తడి పాన్‌దాన్ ఉండేది. ఆయన చదివిన చదువంతా అందులోనే ఉండేదంటే నమ్మాలి. నైజాం సర్కారులో ఏ నేరానికి ఎంత శిక్షో రాసిన చట్టాన్ని మేము తాజీరాత్ అంటాం. లావు పుస్తకం. వచ్చే రైతుకు ఆ పుస్తకం చూపిస్తే సగం ప్రాణం అక్కడే పోతుంది. అందుకని ఈయన పాన్‌దాన్ మూత తీసి చూపించేవాడు.

"ఇగో, గిది వక్క. బయట పడి ఉన్న వస్తువు ఎత్తుకపోతే చోరీ. గీ అర. అదే వస్తువు ఇంట్లకెళ్లి ఎత్తుకపోతే కాచు అర, శిక్ష జర పెద్దది. రాత్రిపూట తాళం పలగ్గొట్టిండనుకో, సున్నం. ఎక్కువైతే నోరు కాలుతది. ఇగ మనిషిని కొట్టి, బెదిరించి గుంజుకుంటే దోపిడి, లవంగం. గా దోపిడికే అయిదుగురు జమైతే డాకా. గిది పొగాకు. అలవాటు లేనోడు తింటే ఆడనే పడిపోతడు. వస్తువు ఒక్కటే, అర వేరు. నేరం అందరికీ కనిపిస్తది బిడ్డా, అర కనిపించినోడే వకీలు."

అంత చెప్పి, ఆ వక్కా ఆ సున్నమూ కలిపి ఒక పాన్ చుట్టి తానే నోట్లో వేసుకునేవాడు. కక్షిదారుకు ఇచ్చేవాడు కాదు. పాన్ విషయంలో పరమ పిసినారి.

ఇంటి దగ్గర కూడా ఇదే వరస. పిల్లి పాలు తాగితే, తలుపు తీసి ఉన్నదా, నెట్టుకొచ్చిందా అని విచారణ. పాలల్లో నీళ్లు కలిపిన గొల్లాయనను దొంగ అన్నందుకు తన భార్యను సరిదిద్దాడు. "దొంగ గాదు, దగాకోరు. మనిషిని తక్కువ అరల తొయ్యొద్దు, ఎక్కువ అరల తొయ్యొద్దు" అన్నాడు. ఆమె కవ్వం ఆపకుండానే, "అర ఏదైతేంది, చారు నీళ్లనీళ్లగ ఉన్నది" అంది.

పొద్దు గూకగానే అరుగు మీద నిలబడి ఆకాశం చూసేవాడు. ఇంట్లో దీపం పెట్టగానే వీధికంతా వినబడేటట్టు, "ఇగ శిక్ష పెరిగింది! ఎవడన్న గోడ దుంకేటోడుంటే పొద్దుగాల రమ్మను!" అని చాటింపు వేసేవాడు. పగలు ఇంట్లో జొరబడ్డవాడికంటే రాత్రి జొరబడ్డవాడికి శిక్ష ఎక్కువ కదా, అదన్నమాట. వీధిలో పిల్లలు ఆ మాట వినగానే ఆటలు ఆపి ఇండ్లకు పోయేవారు. తల్లులకు సులువైంది.

అన్నింటికంటే పెద్ద వింత, ఆయన ఇంటికి తాళం లేదు. ఊరికి పోయినా తలుపు దగ్గరగా వేసి పోవడమే. నేను ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"తాళం పెడ్తే ఏమైతది మున్షీ? దొంగ రాకుండ ఉంటడా? ఉండడు. పలగ్గొడ్తడు. పాపం, చెంబు కోసం వచ్చినోడు పెద్ద శిక్షల పడ్తడు. మనమే వాని నెత్తిన తాళం పెట్టినట్టయితది."

నిజంగానే ఒకసారి చెంబు పోయింది. ఆయన కచేరీ అంతా తిరిగి, తన దొంగకు ఎంత చిన్న శిక్ష పడేదో మురిసిపోతూ చెప్పుకున్నాడు. "మీకు దొంగ మీదున్న దయ నా చెంబు మీద లేదు" అని ఆయన భార్య ఆ వారమంతా ఆయనకు మట్టి ముంతలో నీళ్లిచ్చింది.

మంచివాడని ఆకాశానికెత్తేస్తున్నాననుకోకండి. గొప్పలు చెప్పుకోవడంలో ఆయనను మించినవాడు బీదర్ జిల్లాలోనే లేడు. గెలిస్తే తన తెలివి, ఓడితే ఎండాకాలం. పచ్చీసులో ఓడిపోతే గవ్వలను అనుమానించేవాడు. కక్షిదారు అబద్ధం చెబితే మాత్రం అక్కడికక్కడే పట్టేవాడు. ఒకతను దాయాది కొడితే పన్ను ఊడిందని వచ్చాడు. పన్ను ఊడితే అది పెద్ద గాయం, శిక్ష పెద్దది. వకీలు సాబు అతని దవడ పట్టుకుని ఎండ వైపు తిప్పి నోరు తెరిపించాడు. "ఈ సందుల చిగురు గట్టిపడి రాయి లెక్క ఉన్నది. ఈ పన్ను పుచ్చి ఊడి ఏడాదాయె. మీ దాయాది కొట్టింది చెంపకు, నువ్వు కొడ్తున్నది తాజీరాత్‌కు" అన్నాడు. అతను సిగ్గుపడి నవ్వాడు. చెంపదెబ్బకు ఎంతో అంతే అర్జీ రాయించుకుని పోయాడు.

ఇవన్నీ నాకు ముచ్చట్లే. ఎవరి మెడకో పడ్డ ఉచ్చును దూరం నుంచి చూసి, భలే విప్పాడు అనుకునేవాణ్ని. నా మెడకు పడేదాకా.

ఆ ఏడు మాఘంలో మా ఆవిడ చంద్రమ్మ పుట్టింటికి పోయింది. నాగల్‌గిద్ద అవతల, కన్నడం సగం తెలుగు సగం మాట్లాడే పల్లె. తెల్లజొన్న కోతలు. మావైపు కోత అయిపోయిన చేలో రాలిపడ్డ కంకులను పరిగె అంటాం. అవి లేనివాళ్లవి. రైతు తన మోపులు కట్టుకుని పోయాక ఆడవాళ్లు ఒడి కట్టుకుని దిగి ఏరుకుంటారు. ఎవరినీ అడగాల్సిన పనిలేదు. అయితే ఒక కట్టుబాటు ఉంది. చేను దారికి అడ్డంగా తుమ్మకంప ఉన్నన్నాళ్లూ ఎవరూ అడుగుపెట్టకూడదు. కంప తీస్తే చేను విడిచినట్టే. చెప్పాల్సిన మాట కంపే చెబుతుంది.

ఊరి పటేలు చేనికి కంప తీసి ఉంది. ఏడుగురు ఆడవాళ్లు దిగారు, మా ఆవిడ వాళ్లలో ఒకతె. సగం ఏరేసరికి పటేలు కావలివాడు అరుచుకుంటూ మంచె దిగి వచ్చాడు. ఇంకా కొన్ని మోపులు చేలోనే ఉన్నాయి, అప్పుడే ఎవడు రమ్మన్నాడని అతని కోపం. కంప తీసి పెట్టి ఇప్పుడు అరుపులేమిటని వీళ్ల కోపం. మాటకు మాట పెరిగింది. అతను ఒకామె ఒడి లాగబోతే ఆమె విదిలించుకుంది. ఆ విదిలింపుకు అతని రుమాలు కింద పడింది. ఆడవాళ్లు పకపకా నవ్వారు. జరిగింది అంతే.

సాయంత్రానికి పటేలు అర్జీ ఇంకోలా తయారైంది. ఏడుగురు కొడవళ్లు పట్టుకుని చేను మీద పడ్డారట. కావలివాణ్ని చుట్టుముట్టి చంపుతామని బెదిరించారట. అతను ప్రాణభయంతో పారిపోయాడట. వాళ్లు జొన్నలు దోచుకున్నారట. అయిదుగురు దాటారు, బెదిరింపు ఉంది. డాకా. మరుసటిరోజు అమీన్, అంటే మా ఠాణా పెద్ద, ఏడుగురినీ నడిపించుకుంటూ ఖేడ్ తెచ్చి ఠాణా పక్క గదిలో పెట్టాడు. సాక్ష్యంగా ఒక గోనెసంచిలో కంకులు కూడా తెచ్చాడు. ఆయన పట్నం మనిషి. కంప సంగతి ఆయనకేం తెలుసు!

కిటికీ ఊచల వెనక మా ఆవిడ ముఖం కనిపించింది. పొగాకు అర ఏమిటో నాకంటే బాగా ఎవరికి తెలుసు! మున్సిఫు సాబు విచారణలో డాకా నిజమనిపిస్తే కేసు బీదర్ పెద్ద అదాలతుకు పోతుంది. అక్కడ పడితే ఏండ్లకు ఏండ్లు కఠినశిక్ష. నేను ఎన్ని అర్జీలలో ఆ మాటలు అందంగా రాశానో!

అప్పుడు అమీన్ నన్ను పక్కకు పిలిచి చాలా మర్యాదగా చెప్పాడు.

"దేఖో మున్షీ, నువ్వు మన కచేరీ మనిషివి. పరేషాన్ కావద్దు. పటేల్‌తో మాట్లాడిన. డాకా తీసేస్తం. అందరు చోరీ ఒప్పుకుంటే చాలు. మున్సిఫ్ సాబ్ జర్రంత జుర్మానా వేస్తడు. షామ్ వరకు అందరు ఇంటికి పోతరు."

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఎగురుకుంటూ వకీలు సాబు దగ్గరికి పోయి చెప్పాను. ఆయన పాన్ చుడుతున్నవాడల్లా ఆపాడు.

"డాకా అన్నోడు ఒక్కదినంలనే చోరీకి దిగిండా? మున్షీ, అంగట్ల బట్ట బేరం చూసినవా? మొదలు పెద్ద ధర చెప్తరు. ఎందుకు? అది వస్తదని గాదు. చిన్న ధరకు నువ్వే సంతోషంగ ఒప్పుకుంటవని. డాకా పటేలుకు ఉత్త బెదిరింపు. వానికి కావలసింది చోరీ."

"చోరీ ఒప్పుకుంటే పోయేదేంది సాబ్? సాయంత్రానికి ఇంట్ల ఉంటది."

"ఈ ఏడుగురు ఇంట్ల ఉంటరు. వచ్చే ఏడు పరిగెకు వంగిన ప్రతి ఆడిది ఠాణాల ఉంటది. పరిగె అంటే చోరీ అని ఖేడ్ కచేరీలనే ఫైసలా అయింది గదా అని చూపిస్తడు. చేన్ల రాలిన ఒక్క కంకి కూడా ఇగ ఎవ్వరిది గాదు, పటేలుదే."

నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ చెబుతున్నాను, ఆ మంట తప్పని నేననుకోను. ఏ మగనికైనా మండుతుంది.

"మీకేంది సాబ్, ఎన్నన్న చెప్తరు! లోపట ఉన్నది మీ ఆడిది గాదు గదా!"

ఆయన కోప్పడలేదు. టోపీ పెట్టుకున్నాడు. "అవు, నా ఆడిది గాదు. ఇయ్యాల నీ ఆడిది గూడ గాదు. ముల్జిమ్. నేరం మోపింది ఎవరి మీదనో ఆమెను అడగాలె. నడువు" అని పాన్‌దాన్ చంకన పెట్టుకుని లేచాడు.

ఠాణా కిటికీ దగ్గర నిలబడి, జవాను వింటుండగానే ఆ ఏడుగురికీ అరలన్నీ చూపించాడు. కక్షిదారులకు చెప్పినట్టే చెప్పాడు. వక్క తీసి చూపించి ఇది ఒప్పుకుంటే సాయంత్రం ఇల్లు అన్నాడు. పొగాకు తీసి చూపించి ఇది రుజువైతే ఏండ్లు అన్నాడు. తరవాత మూత వేసి దాని మీద చెయ్యి పెట్టాడు.

"మూడోది ఈ డబ్బల లేదు. ఏ నేరం గాదు అనేది. దానికోసం కొట్లాడుతనంటే నేనున్న. నేను ఓడిపోను. కాని ఓడిపోతే జైలుకు పోయేది మీరు, నేను గాదు. అందుకే అడుగుతున్న. ఏమంటరు?"

నేను ఆగలేకపోయాను. ఊచలు పట్టుకుని, "చంద్రమ్మా, ఒప్పుకో. ఒక్క మాట. ఇంటికి పోదాం" అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. వకీలు సాబు వైపు చూసింది. పరాయి మగవాళ్లు మాట్లాడితే కొంగు సర్దుకుని తలుపు చాటుకు పోయే మనిషి, ఊచల దగ్గరికి వచ్చింది.

"పరిగె ఏరుడు దొంగతనమైతే మా అవ్వ దొంగనే, మా అవ్వను కన్నామె దొంగనే. వాళ్లు చచ్చిపోయిన్రు. నా దిక్కు నేను ఒప్పుకుంట గాని, వాళ్ల దిక్కు నేనెట్ల ఒప్పుకోవాలె అయ్యా?"

మిగిలినవాళ్లలో పెద్దామె "అవ్, గంతే" అంది. ఆ తరవాత ఎవరూ వేరే మాట అనలేదు. వకీలు సాబు "సాకు" అన్నాడు. విసుగు లేకుండా ఆయన ఆ మాట అనడం నేను అదొక్కసారే విన్నాను.

విచారణ నాడు కచేరీ కిక్కిరిసింది. నాగల్‌గిద్ద నుంచి, కంగ్టి నుంచి కూడా జనం బండ్లు కట్టుకుని వచ్చారు. పటేలు ముందు వరసలో తెల్లటి రుమాలు చుట్టుకుని కూర్చున్నాడు. మున్సిఫు సాబుకు తెలుగు బాగా అర్థమవుతుంది, రాసుకునేది మాత్రం ఉర్దూలో. కావలివాణ్ని పిలిచారు. ఆరడుగుల మనిషి. మీసాలు చెవుల దాకా తిప్పి, కిర్రుకిర్రుమనే చెప్పులు బయట విడిచి వచ్చాడు.

వకీలు సాబు లేచి అతన్ని కిందినుంచి మీదికి మెచ్చుకోలుగా చూశాడు.

"నీ గురించి విన్న. దసరా కుస్తీలల్ల నిన్ను ఎత్తేసినోడు లేడట గదా?"

"అవు సాబ్."

"చేన్ల తోడేలు వచ్చినా మంచె మీదికెళ్లి కట్టె పట్టుకోని దిగుతవట."

"దిగుత. తోడేలుకు భయపడేటోడు కావలెట్ల కాస్తడు?"

"మరి గీ ఏడుగురు ఆడోళ్లను చూసి పానం దక్కితే చాలని ఉరికినవట?"

కచేరీలో వెనక వరస కిసుక్కుమంది. కావలివాడి మెడ నరాలు ఉబ్బాయి.

"ఎవడన్నడు గా మాట?"

"మీ పటేలు అర్జీల ఉన్నది. 'ప్రాణభయంతో పారిపోయినాడు' అని. నేనన్నది గాదు."

చూడండి, అతను ఆ ఒక్క మాట అవునంటే చాలు. భయం ఉంటే దోపిడి, దోపిడికి ఏడుగురుంటే డాకా. పటేలు అతన్ని ఎంత బాగా నేర్పి తెచ్చాడో నాకు తెలుసు. కానీ వెనక అతని ఊరు ఊరంతా కూర్చుని ఉంది. పోటీ పట్టిన పహిల్వాన్లు, బావమరుదులు, అందరూ. ఆ మీసాలు పెట్టుకుని, ఆ జనంలో, చంద్రమ్మను చూసి భయపడ్డానని చెప్పగలిగే మగవాడు మావైపు ఇంకా పుట్టలేదు.

"భయమా? నాకా? గీ ఆడోళ్లకా?" అని పటేలు వైపే తిరిగాడు. "నేనేడ ఉరికిన పటేలా? రుమాలు పడ్డది, ఎత్తుకున్న, తిట్టిన. వాళ్లు నవ్విన్రు. గంతే!"

పటేలు గట్టిగా దగ్గాడు. కావలివాడు ఆ దగ్గు వినే స్థితిలో లేడు.

"నువ్వు భయపడలే. నేను నమ్ముత," అన్నాడు వకీలు సాబు నెమ్మదిగా. "కొడవళ్లు చూపించినా భయపడలే, శబాష్."

"ఏం కొడవళ్లు? పరిగెకు కొడవలి ఎవరు పడ్తరు సాబ్? ఒట్టి చేతులతోని ఏరుతరు గాని!"

అమీన్ తల దించుకున్నాడు. వకీలు సాబు గోనెసంచి విప్పించి ఒక కంకి మున్సిఫు సాబు ముందు పెట్టాడు. కొడవలితో కోసిన కంకికి కాడ నున్నగా ఉంటుంది. ఇది మెడ విరిగి, నార లేచి, మట్టి పట్టి ఉంది. సంచిలో అన్నీ అట్లాంటివే. ఆ తరవాత చివరి ప్రశ్నకు వచ్చాడు. పాన్ మింగి, గొంతు సవరించుకున్నాడు.

"చేను దారికి కంప ఉండెనా, లేకుండెనా?"

"పొద్దుగాల ఉండె."

"ఎవరు తీసిన్రు? ఈ ఆడోళ్లా?"

"లేదు, నేనే తీసిన. మోపుల బండి పోవాలె గదా. మల్ల అడ్డం పెట్టుడు మరిచిన."

"కంప లేని చేన్ల ఆడోళ్లు ఒడి కట్టుకోని దిగితే, మీ ఊర్ల ఏమంటరు?"

"పరిగెకు దిగిన్రంటరు."

"దొంగలు పడ్డరు అనరా?"

"గట్లెందుకంటరు?" అన్నాడు కావలివాడు నిజంగానే ఆశ్చర్యపోయి.

మున్సిఫు సాబు కలం కింద పెట్టాడు. కంకి చేతిలో తిప్పి తిప్పి చూశాడు. బెదిరింపు లేదు కనుక దోపిడి లేదు, దోపిడి లేదు కనుక డాకా లేదు అన్నాడు. తీసిన కంపను చూసి, ఊరి కట్టుబాటు ప్రకారం దిగినవాళ్లకు దొంగబుద్ధి లేదు, కనుక చోరీ కూడా లేదు అన్నాడు. ఏడుగురినీ విడిచిపెట్టాడు. నేను కాగితాలు పట్టుకుని నిలబడ్డచోటే కూలబడ్డాను. ఏడ్చాను. ఎవరు చూశారో నాకు పట్టలేదు.

వకీలు సాబు మాత్రం కూర్చోలేదు. "హుజూర్, గా సంచి," అన్నాడు. "అది దొంగసొత్తు గాదని తేలింది. మరి ఠాణాల ఎందుకు? ఏరుకున్నోళ్లకు ఇప్పించున్రి."

పటేలు లేచి, పిడికెడు కంకులకు ఇంత లొల్లా అన్నాడు. "పిడికెడు కంకులకే గదా నువ్వు డాకా పెట్టింది!" అన్నాడు వకీలు సాబు. మున్సిఫు సాబు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. సంచి ఆడవాళ్ల చేతికి వచ్చింది.

బయటికి వచ్చాక నేను అడిగాను. "సాబ్, వాడు భయపడ్డనని అంటే ఏమైతుండె?"

"మీసం చూసినవా వానిది? గా మీసం అననియ్యదు. తాజీరాత్‌ల మీసానికి దఫా లేదు, నేనే పెట్టుకున్న" అని షేర్వాణీ సర్దుకున్నాడు. ఎంత గర్వం! ఆ రోజు ఆ గర్వం కాళ్లకు మొక్కాలనిపించింది.

చంద్రమ్మ ఆ సంచిలోంచి మంచి కంకులు ఏరి గుత్తిగా కట్టి ఆయన అరుగు చూరుకు వేలాడదీసింది, పిచ్చుకలకు. అప్పటినుంచి ప్రతి ఏడూ పరిగె అయ్యాక ఆ ఊరి ఆడవాళ్లు ఒక గుత్తి తెచ్చి కట్టిపోతారు. ఆయన గద్దె మీద కూర్చుని పిచ్చుకలు పొడుచుకు తినడం చూస్తూ, "అడగకుండ తింటున్నయ్, మున్షీ. గుంపుగ వచ్చినయ్. అయిదు దాటినయ్. ఏ అర?" అనేవాడు. నేను జవాబు చెప్పేలోపే నవ్వేవాడు.

ఆ అరుగు మీదే ఆయనను పడుకోబెట్టారు. కచేరీ నుంచి ఇంటికి పోయి, చంద్రమ్మను వెంటపెట్టుకుని పరుగున పోయాను. దారిలో ఆమె ఒక్కటే మాట అంది. "అమీన్ నన్ను దొంగ అన్నడు. పటేలు డాకూ అన్నడు. నువ్వు ఒప్పుకో అన్నవ్. నువ్వేమంటవ్ బిడ్డా అని ఆయనొక్కడే అడిగిండు."

వాకిట్లో జనం. ఇల్లు వదిలి అందరూ కాటికి పోవాలి, తలుపుకు తాళం వేద్దామని తమ్ముడు వెతికాడు. ఆ ఇంట్లో తాళంకప్ప దొరకలేదు. అరుగు మీద పాన్‌దాన్ మూత వేసి ఉంది. పైన చూరుకు ఈ ఏటి గుత్తి, ఇంకా నిండుగానే ఉంది. ఇంత ఏడుపులోనూ పిచ్చుకలు వచ్చి వాలుతున్నాయి, పొట్టు ఆయన ఛాతీ మీద రాలుతోంది. ఎవరో దగ్గరి చుట్టం, శవం మీద పడుతున్నదని, హుష్ హుష్ అని కండువాతో అదిలించబోయాడు.

చంద్రమ్మ అంతమంది మగవాళ్ల మధ్యలోంచి పోయి అతని చెయ్యి పట్టి ఆపింది.

"ఉండనియ్యి అయ్యా. తిననియ్యి," అంది. "కంప తీసే ఉన్నది."